1000 నుంచి 5000 వరకు పరిపూర్ణ వర్గాలు: ఒకే లెక్కకి ఓసారి 39, ఓసారి 38 ఎలా వస్తుంది?

పరీక్షల_పిచ్చి
1000 నుంచి 5000 వరకు పరిపూర్ణ వర్గాలెన్ని అనే బిట్‌కి అందరూ చెప్పే షార్ట్‌కట్ √5000 − √1000. అంటే 70.71 − 31.62 = 39.09, జవాబు 39. కీలోనూ 39. బాగానే ఉంది. దాని కిందే ఇంకో బిట్, 1024 నుంచి 4900 వరకు. అదే షార్ట్‌కట్ వేస్తే 70 − 32 = 38. కీలో మాత్రం మళ్లీ 39. 1000కీ 1024కీ మధ్య వేరే వర్గం లేదు, 4900 దాటాక 5000 లోపు ఇంకోటి లేదు. ఉన్నవి అవే సంఖ్యలు, జవాబు మారుతోంది. తప్పు కీదా, షార్ట్‌కట్‌దా? అన్నీ రాసుకుని లెక్కపెట్టమని మాత్రం అనకండి, బిట్‌కి నిమిషం కూడా ఉండదు.

లెక్కల_మాస్టారు
కీ రెండుచోట్లా ఒప్పే. షార్ట్‌కట్ మొదటి బిట్‌లో అదృష్టం కొద్దీ బతికింది.

సంఖ్యల్ని వదిలేసి వాటి మూలాల్ని లెక్కపెట్టు. 5000 దాటకుండా ఏ అంకె దాకా వర్గం చేయొచ్చు? 70² = 4900, 71² = 5041. కాబట్టి ఆఖరి మూలం 70. 1000కి తగ్గకుండా ఎక్కడ మొదలవుతుంది? 31² = 961 చాలదు, 32² = 1024. కాబట్టి మొదటి మూలం 32. ఇక 32 నుంచి 70 వరకు ఎన్ని పూర్ణ సంఖ్యలు? 70 − 32 + 1 = 39.

ఆ ఒకటి కలపడమే నీ రెండో బిట్‌లో జారిపోయింది. పది గజాల పందిరికి గజానికో గుంజ పాతితే పదకొండు గుంజలు పడతాయి, పది కాదు. మూలాలు గుంజలు, తేడా గజాలు.

పరీక్షల_పిచ్చి
అంటే తేడాకి ఎప్పుడూ ఒకటి కలిపితే చాలా? మొదటి బిట్‌లో 39.09కి ఒకటి కలిపితే 40 అయిపోతుంది కదా.

లెక్కల_మాస్టారు
దశాంశాల తేడాకి కలపకూడదు. ముందు పై హద్దు మూలాన్ని కిందికి దించు (70.71 → 70), కింది హద్దు మూలాన్ని పైకి ఎత్తు (31.62 → 32), ఆ తర్వాత తీసివేసి ఒకటి కలుపు. వరుస మారితే లెక్క పోతుంది.

షార్ట్‌కట్_శీను
ఇంత అవసరమా మాస్టారూ? తేడా తీసి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే సరి. హద్దులే వర్గాలైతే ఒకటి కలుపుకోవాలి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో సగం బ్యాచ్‌లు ఇలాగే చేస్తాయి.

బిట్‌బాబు
@షార్ట్‌కట్_శీను 15 నుంచి 26 వరకు చేసి చూపించు. హద్దులు రెండూ వర్గాలు కావు. √26 − √15 = 5.099 − 3.873 = 1.226. దగ్గరి పూర్ణాంకం 1. లోపల ఉన్నవేమో 16, 25. రెండు.

షార్ట్‌కట్_శీను
చిన్న సంఖ్యలు కాబట్టి అలా వచ్చింది. పెద్దవాటికి రాదు.

బిట్‌బాబు
సంఖ్య పెద్దదా చిన్నదా అని కాదు గురూ, దశాంశ భాగం ఎక్కడ పడింది అన్నదే లెక్క. 9999 నుంచి 10202 తీసుకో. √10202 అంటే 101.005, √9999 అంటే 99.995. తేడా 1.01. లోపల 10000, 10201 రెండూ ఉన్నాయి. కింది మూలం ఓ పూర్ణాంకానికి కాస్త ముందు, పై మూలం ఓ పూర్ణాంకానికి కాస్త తర్వాత పడితే చాలు, అసలు లెక్క తేడా కంటే దాదాపు ఒకటి ఎక్కువ ఉంటుంది. సవరణ దాన్ని పట్టుకోలేదు. పరీక్ష రాయించేవాడికి సరిగ్గా ఇలాంటి హద్దులే ఇష్టం.

రాత్రి_బ్యాచ్
కాకిలెక్కలకి కాకి జవాబులే వస్తాయి 😄

సున్నా_ఒకటి
పైకి ఎత్తడం, కిందికి దించడం రెండూ గుర్తుపెట్టుకోలేనివాళ్లకి ఇంకో రూపం ఉంది. ఎ నుంచి బి వరకు అంటే, బి వరకు ఉన్న వర్గాల్లోంచి (ఎ − 1) వరకు ఉన్నవి తీసేయడం. రెండుచోట్లా కిందికి దించడమే, ఒకటి కలిపే పని లేదు.

1000–5000: √5000 → 70, √999 → 31, 70 − 31 = 39.
1024–4900: √4900 → 70, √1023 → 31, మళ్లీ 39.
2000–3000: √3000 → 54, √1999 → 44, పది.

ఘనాలకీ, 7 గుణిజాలకీ, దేనికైనా ఇదే ఎత్తు. "బి వరకు ఎన్ని" తెలిస్తే మధ్యలోవి తెలిసినట్టే.

పరీక్షల_పిచ్చి
ఇది నచ్చింది. ఎ − 1 మర్చిపోతే?

సున్నా_ఒకటి
ఎ వర్గం కానంతవరకు ఏమీ కాదు. √1000 పెట్టినా 31, √999 పెట్టినా 31. ఎ వర్గమైతే ఒకటి తగ్గుతుంది. అందుకే చాలామందికి ఈ పొరపాటు వంద బిట్లలో ఒక్కసారి మాత్రమే దొరుకుతుంది.

ట్యూషన్_టీచర్
అసలు గొడవ హద్దుల దగ్గర. "1024కూ 4900కూ మధ్య" అని ఇస్తే పాఠ్యపుస్తకం పద్ధతిలో రెండు చివర్లూ రావు. జవాబు 37. "నుంచి, వరకు" అంటే చివర్లు కలిపి 39. ఆప్షన్లలో 37, 38, 39 మూడూ ఉంటే ప్రశ్న మళ్లీ చదవాల్సిందే. చివర్లు వదిలే రూపం: పై మూలాన్ని పైకి ఎత్తి ఒకటి తీసేయ్, దాంట్లోంచి కిందికి దించిన కింది మూలం తీసేయ్. 70 − 1 − 32 = 37.

లెక్కల_మాస్టారు
"మధ్య" అని ఇచ్చి చివర్లు కలిపిన కీలూ కొల్లలు మేడమ్.

ట్యూషన్_టీచర్
ఉన్నాయి. అలాంటప్పుడు 37, 39 రెండూ ఆప్షన్లలో ఉంటే అభ్యంతరం పెట్టుకోవచ్చు. వరుస వర్గాల బిట్ మాత్రం స్పష్టం: 31²కీ 32²కీ మధ్య వర్గం కాని సంఖ్యలు 2 × 31 = 62. ఎనిమిదో తరగతి సూత్రం, 2ఎన్. అక్కడ చివర్లు ఎప్పుడూ కలవవు, కలిపితే 64 అయిపోతుంది.

పెన్ను_పేపరు
సూత్రం బాగానే ఉంది. హాల్లో కాలిక్యులేటర్ ఉండదు. √123456 కిందికి దించితే ఎంతో ఎలా తెలియాలి?

లెక్కల_మాస్టారు
భాగహార పద్ధతి. కుడి నుంచి జంటలు కట్టు: 12 | 34 | 56.
12 లోపు పెద్ద వర్గం 9, మూలంలో 3. శేషం 3. 34 దించితే 334.
3 రెట్టింపు 6. 6_ × _ అనేది 334 దాటకూడదు: 65 × 5 = 325. మూలం 35, శేషం 9. 56 దించితే 956.
35 రెట్టింపు 70. 701 × 1 = 701. మూలం 351, శేషం 255.
అంటే 351² = 123456 − 255 = 123201.

ఇందులో రెండుచోట్ల దెబ్బ తింటారు. ఒకటి, ఎడమ నుంచి జంటలు కట్టడం: 12345 అయితే 1 | 23 | 45, అంతేగాని 12 | 34 | 5 కాదు. రెండోది సున్నా మింగేయడం. 5000కి 50 | 00, మొదట 7, శేషం 1, దించితే 100. 14_ లో 141 × 1 కూడా 100 దాటుతుంది, కాబట్టి అక్కడ 0 వేయాలి. ఆ సున్నా వేయకపోతే మూలం 7 దగ్గరే ఆగిపోతుంది.

షార్ట్‌కట్_శీను
భాగహారం చేసేలోపు ముగ్గురు సబ్మిట్ కొట్టేస్తారు. 35² = 1225 అందరికీ వచ్చు, కాబట్టి 350² = 122500. 351 కావాలంటే 350 + 351 = 701 కలుపు: 123201. 352 కావాలంటే ఇంకో 703: 123904. 123456 వీటి మధ్య పడింది. అయిపోయింది.

బిట్‌బాబు
ఈసారి శీనుకి నా ఓటు. 5తో ముగిసే వర్గాలు (పదుల అంకె × దాని తర్వాతి అంకె, పక్కన 25), 0తో ముగిసేవి, వాటి నుంచి ముందుకో వెనక్కో ఒకటి రెండు అడుగులు. రెండంకెల మూలాలకి ఇంతకంటే అక్కర్లేదు. మూడంకెలు దాటితే మాస్టారి దారే.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటా. భాగహారంలో ఇంకో లాభం ఉంది, శేషం ఊరికే వస్తుంది. "5000 నుంచి కనీసం ఎంత తీసేస్తే వర్గం అవుతుంది" అంటే శేషమే జవాబు, 100. "కనీసం ఎంత కలపాలి" అంటే 71² − 5000 = 41.

పెన్ను_పేపరు
123456 నుంచి 200000 వరకు అయితే 352 దగ్గర మొదలు. పై చివర 447² = 199809, 448² = 200704. 447 − 352 + 1 = 96. సరేనా?

సున్నా_ఒకటి
సరే.

రాత్రి_బ్యాచ్
అంకెల సంఖ్యతో అడిగేవి బట్టీ పట్టేసుకోండి, మళ్లీ మళ్లీ వస్తాయి. రెండంకెల వర్గాలు 6 (4 నుంచి 9), మూడంకెలవి 22 (10 నుంచి 31), నాలుగంకెలవి 68 (32 నుంచి 99), అయిదంకెలవి 217 (100 నుంచి 316), ఆరంకెలవి 683 (317 నుంచి 999). సరిచూసుకోవాలంటే ఒకంకె వర్గాలు 1, 4, 9 కూడా కలిపి కూడండి: 3 + 6 + 22 + 68 + 217 + 683 = 999. సున్నాని వదిలేశా.

గుణిజాల_గౌరి
ఇంకో రకం: 1000 నుంచి 5000 వరకు 12తో భాగించబడే వర్గాలెన్ని? చాలామంది 39 ÷ 12 చేసి 3 అని పెట్టేస్తున్నారు. అసలు జవాబు 6.

12 = 2² × 3. వర్గంలో 3 ఉంటే మూలంలోనూ 3 ఉండాలి, అప్పుడు వర్గంలోకి రెండు 3లు వస్తాయి. కాబట్టి మూలం 6 గుణిజం కావాలి. 32 నుంచి 70 వరకు 6 గుణిజాలు: 70 ÷ 6 → 11, 31 ÷ 6 → 5, తేడా 6. అవి 36, 42, 48, 54, 60, 66. వర్గాలు 1296, 1764, 2304, 2916, 3600, 4356.

పరీక్షల_పిచ్చి
8తో అయితే? మూలం 8 గుణిజమా?

గుణిజాల_గౌరి
కాదు, 4 గుణిజం చాలు. ఇచ్చిన భాజకాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, ప్రతి ఘాతాన్నీ సగం చేసి పైకి ఎత్తు. 8 = 2³, మూడులో సగం ఒకటిన్నర, పైకి ఎత్తితే 2, కాబట్టి 2² = 4. అలా 32 నుంచి 70 వరకు 4 గుణిజాలు 17 − 7 = 10. 8 గుణిజాలే తీసుకుంటే 8 − 3 = 5, సగం ఎగిరిపోతాయి.
72 = 2³ × 3² అయితే మూలం 4 × 3 = 12 గుణిజం: 36, 48, 60. మూడు.
15 అయితే మూలం 15 గుణిజమే: 45, 60. రెండు.

ట్యూషన్_టీచర్
@గుణిజాల_గౌరి చెప్పిందానికి చివరి అంకె బిట్లు కూడా కలపొచ్చు. 6తో ముగిసే వర్గాలు కావాలంటే మూలం 4తోనో 6తోనో ముగియాలి: 34, 36, 44, 46, 54, 56, 64, 66. ఎనిమిది. 5తో ముగిసేవి అయితే మూలం 5తోనే: 35, 45, 55, 65. నాలుగు.

చిన్నోడు_చందు
చివరి అంకె 2, 3, 7, 8 అయితే వర్గం కాదు, అంకెల మొత్తం చివరికి 1, 4, 7, 9 రాకపోతే వర్గం కాదు. ఈ రెండూ దాటితే వర్గమే కదా?

బిట్‌బాబు
కాదు. 2821 చూడు. చివర 1, అంకెల మొత్తం 13, అంటే 4. రెండు గడపలూ దాటింది. కానీ 53² = 2809, 54² = 2916. ఈ పరీక్షలు కాదు అని చెప్పడానికే పనికొస్తాయి, అవును అనడానికి కాదు. చివరి రెండంకెలు చూస్తే వల ఇంకాస్త సన్నబడుతుంది, వందలో 22 జతలే వర్గాలకి వస్తాయి. 21 వాటిలో ఉంది కాబట్టి 2821 దాన్నీ దాటేస్తుంది. 8తో భాగిస్తే మాత్రం దొరికిపోతుంది: బేసి వర్గానికి శేషం 1 రావాలి, దీనికి 5 వస్తుంది.

ఘనాపాటి
వర్గాలు అయిపోతే ఘనాలకి రండి. 1000 నుంచి 5000 వరకు: 10³ = 1000, 17³ = 4913, 18³ = 5832. 17 − 10 + 1 = 8. "మధ్య" అంటే 1000 పోయి 7. కింది హద్దు 1000 అని ఊరికే ఇవ్వరు!

వర్గమూ ఘనమూ రెండూ అయినవి ఆరో ఘాతాలు: 3⁶ = 729, 4⁶ = 4096, 5⁶ = 15625. ఇక్కడ ఒక్కటే, 4096.
వర్గమైనా ఘనమైనా: 39 + 8 − 1 = 46.
రెండూ కానివి: మొత్తం సంఖ్యలు 4001 (4000 కాదు!), 4001 − 46 = 3955.

రాత్రి_బ్యాచ్
మళ్లీ గుంజలే.

భాజకాల_బుజ్జి
సరిగ్గా మూడు భాజకాలున్న సంఖ్యలెన్ని అని తిప్పి అడుగుతారు. మూడు భాజకాలంటే ప్రధాన సంఖ్య వర్గమే, ఇంకేదీ కాదు. 32 నుంచి 70 వరకు ప్రధాన సంఖ్యలు 37, 41, 43, 47, 53, 59, 61, 67. ఎనిమిది. "బేసి సంఖ్యలో భాజకాలు" అంటే మాత్రం వర్గాలన్నీ, 39. వంద బల్బుల స్విచ్‌లని వంద మంది, ఒక్కొక్కరు తమ నంబరు గుణిజాలవి మాత్రమే నొక్కే పజిల్‌లో చివరికి పది వెలగడానికీ కారణం ఇదే.

కోడ్_కోటి
ప్రోగ్రాములు రాసేవాళ్లకి కూడా ఈ థ్రెడ్ పనికొస్తుంది. హ్యాకర్‌ర్యాంక్ అనే ప్రోగ్రామింగ్ సైట్‌లో షెర్లాక్ అండ్ స్క్వేర్స్ అని ఇదే లెక్క ఉంది, హద్దు 10^9, వంద టెస్టుల దాకా. ఎ నుంచి బి దాకా లూప్ తిప్పి ఒక్కోదాన్ని వర్గమా అని అడిగితే అన్నిటికంటే కష్టమైన టెస్టులే పడితే మొత్తం 10^11 సార్లు తిరగాలి, టైమ్ అవుట్ ఖాయం. మూలాల మీద లూప్ తిప్పితే 31622 సార్లు (31622² = 999950884, ఆ తర్వాతిది 10^9 దాటుతుంది). సూత్రం వేస్తే లూపే లేదు.

ఓవర్‌ఫ్లో_ఓబులు
మూలాల లూప్‌లో గొయ్యి ఒకటుంది. 32 బిట్ల (బైనరీ అంకెల) ఇంట్ అనే పూర్ణాంక రకంలో 46340² = 2147395600 పడుతుంది, 46341² = 2147488281 పట్టదు (హద్దు 2147483647). జావాలో అది చుట్టు తిరిగి రుణ సంఖ్య అవుతుంది, బి సరిగ్గా ఆ హద్దే అయితే "వర్గం బి కంటే తక్కువా" అనే షరతు ఎప్పటికీ నిజమే, లూప్ ఆగదు. 64 బిట్ల లాంగ్ వాడండి. లాంగ్‌లోనూ పై అంచున ఇదే గొడవ: 3037000499² పడుతుంది, 3037000500² పట్టదు. అక్కడ మూలం ఆర్, హద్దు ఎన్ అనుకుంటే, ఆర్ × ఆర్ ≤ ఎన్ అని పోల్చకుండా ఆర్ ≤ ఎన్ ÷ ఆర్ అని పోల్చితే గుణకారమే ఉండదు.

కోడ్_కోటి
ఆ మాత్రం దానికి వర్గమూలం ఫంక్షన్ ఉంది కదా. ఒక్క లైను.

ఓవర్‌ఫ్లో_ఓబులు
ఆ ఒక్క లైనే కొంప ముంచుతుంది. ఆ ఫంక్షన్ వాడే దశాంశ సంఖ్యల రకం డబుల్‌కి 53 బిట్ల కచ్చితత్వమే. 10^18 దగ్గర పక్కపక్క డబుల్స్ మధ్య దూరం 128. కాబట్టి 999999999999999999ని డబుల్ చేస్తే నేరుగా 10^18 అయిపోతుంది, మూలం 1000000000 వస్తుంది. అసలు జవాబు 999999999. ఒకటి ఎక్కువ.

సున్నా_ఒకటి
సంఖ్య డబుల్‌లో కచ్చితంగా పట్టినా తప్పు రావచ్చు. 67108865² = 4503599761588225. దానికి ఒకటి తక్కువ, 4503599761588224, 2^53 లోపే ఉంది, డబుల్‌లో చెక్కుచెదరదు. కానీ దాని మూలం 67108864.99999999… అయి, డబుల్‌లో ఆ తొమ్మిదులకి చోటు చాలక 67108865కి సవరణ అయిపోతుంది. కిందికి దించినా లాభం లేదు, అప్పటికే పైకెక్కేసింది. 2^53 లోపు అసలైన వర్గాలకి మాత్రం మూలం సరిగ్గానే వస్తుంది. గండం వర్గానికి ఒకటి తక్కువైన చోటే.

కోడ్_కోటి
అంటే ఎ − 1 రూపం వాడితే సరిగ్గా ఆ గండం మీదే కాలు వేస్తున్నాం. ఎ వర్గమైతే ఎ − 1 అంటే అదే కదా.

సున్నా_ఒకటి
అదే. 10^9 లోపు భయం లేదు. దాటితే పైథాన్‌లో 3.8 నుంచి మ్యాథ్ మాడ్యూల్‌లో ఐ-స్క్వేర్‌రూట్ (isqrt) ఉంది, పూర్ణాంకాలతోనే చేస్తుంది, ఎంత పెద్ద సంఖ్యకైనా. జావా, సి లాంటి వాటిలో డబుల్‌తో వచ్చిన మూలాన్ని తీసుకుని, దాని వర్గం ఎన్ కంటే ఎక్కువైతే ఒకటి తగ్గించు, తర్వాతిదాని వర్గం ఎన్ దాటకపోతే ఒకటి పెంచు. పోల్చడం ఓబులు చెప్పినట్టు భాగహారంతో. ఎ సున్నా అయితే √(−1) అడిగినట్టవుతుంది, పైథాన్ అక్కడే ఎర్రర్ ఇస్తుంది. దాన్ని విడిగా చూడాలి. సున్నా కూడా వర్గమే కాబట్టి లెక్కకి ఒకటి కలపాలి.

ఓవర్‌ఫ్లో_ఓబులు
న్యూటన్ పద్ధతి (అంచనానీ, ఎన్ ÷ అంచనానీ సగటు చేస్తూ మూలానికి చేరడం) సొంతంగా రాసేవాళ్లకి ఒక మాట. పాత అంచనా, కొత్త అంచనా సమానమయ్యేదాకా తిప్పుతాం అంటే కొన్నిచోట్ల ఆగదు. ఎన్ = 8: 2 నుంచి (2 + 4) ÷ 2 = 3, 3 నుంచి (3 + 2) ÷ 2 → 2, మళ్లీ 3, మళ్లీ 2. అసలు మూలం కంటే పెద్ద అంచనాతో మొదలుపెట్టి, కొత్తది పాతదాని కంటే తగ్గడం ఆగిన క్షణంలో పాతదాన్ని జవాబుగా తీసుకో.

ఘనాపాటి
ఘనమూలానికి ఇంకా ఘోరం. పైథాన్‌లో 64కి 1/3 ఘాతం వేస్తే 3.9999999999999996. కిందికి దించితే 3! పెద్ద సంఖ్యలు కూడా అక్కర్లేదు, 64 దగ్గరే పల్టీ. వచ్చినదాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించి, ఘనం చేసి ఎన్‌తో పోల్చి, ఎక్కువైతే ఒకటి తగ్గించాలి.

ఫ్లోట్_ఫణి
సి లో డబుల్ బదులు అంతకంటే తక్కువ కచ్చితత్వం ఉన్న ఫ్లోట్ పెట్టేవాళ్లు 10^18 దాకా ఆగక్కర్లేదు. 16777217 ఫ్లోట్‌లో 16777216 అయిపోతుంది, అది 4096². మూలం 4096 వస్తుంది, దశాంశం లేదు, "వర్గమే" అంటుంది.

ఎక్సెల్_ఎల్లయ్య
ఎక్సెల్‌లో చేసేవాళ్లకి: బి సెల్‌కి ఎస్‌క్యూఆర్‌టి (వర్గమూలం), దానికి ఇంట్ (కిందికి దించడం). దాంట్లోంచి (ఎ − 1)కి అదే. వంద వరుసలకి లాగేయొచ్చు. సెల్‌లో 15 అంకెలే నిలుస్తాయి, 16వ అంకె నుంచి సున్నాలు పడతాయి. పెద్ద హద్దులకి అక్కడ చేయకండి.

భాజకాల_బుజ్జి
షరతు మూలానికి మార్చలేనిదైతే సూత్రం పనిచేయదు కదా? ఉదాహరణకి అంకెలన్నీ సరి సంఖ్యలైన వర్గాలు.

కోడ్_కోటి
అప్పుడు మూలాల మీద లూపే. నాలుగంకెల్లో 32 నుంచి 99 వరకు 68 మూలాలు, సరి మూలాలే చాలు కాబట్టి 34. వచ్చేవి నాలుగే: 4624, 6084, 6400, 8464. ప్రశ్నలు వేలల్లో వస్తే ముందే జాబితా కట్టి, బైనరీ సెర్చ్‌తో (జాబితాని సగం సగం చేస్తూ) రెండు హద్దుల స్థానాలు వెతికి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేయాలి. మూడు భాజకాలవీ అంతే. 10^12 దాకా కావాలంటే 10^6 లోపు ప్రధాన సంఖ్యలు జల్లెడ పట్టు, 78498 వస్తాయి. జాబితా అంతే.

రాత్రి_బ్యాచ్
తిప్పి చదివినా అదే వచ్చే వర్గాలు? 121, 484, 676 మూడంకెల్లో. నాలుగంకెల్లో?

గుణిజాల_గౌరి
ఒక్కటీ లేదు. తిప్పినా మారని నాలుగంకెల సంఖ్య ఏదైనా 11 గుణిజం, కాబట్టి మూలం కూడా 11 గుణిజం కావాలి. 33 నుంచి 99 వరకు ఏడు మాత్రమే: 1089, 1936, 3025, 4356, 5929, 7744, 9801. ఏదీ కాదు. 1089, 9801 ఒకదానికొకటి తిరగబడ్డాయి, అంతవరకే.

పెన్ను_పేపరు
వర్గాలు వదిలేసి మిగిలిన సంఖ్యల్లో వందోది ఏది అని ఒక మాక్‌లో ఉంది. 2, 3, 5, 6, 7, 8, 10…

సున్నా_ఒకటి
110. ఎన్‌కి, (√ఎన్ + ½)ని కిందికి దించి కలపాలి: 100 + 10. సరిచూడు, 110 వరకు వర్గాలు 10, మిగిలినవి 100, 110 వర్గం కాదు.

పరీక్షల_పిచ్చి
ఆఖరిగా ఒకటి. హద్దు −50 నుంచి 50 వరకు ఇస్తే? వర్గాలు, ఘనాలు రెండూ అడిగాడు.

ఘనాపాటి
వర్గాలకి −50ని 0 చేసేసుకో: 0, 1, 4, 9, 16, 25, 36, 49. ఎనిమిది. ఘనాలకి అలా చేయకు, −27, −8, −1 పోతాయి. మూలాలు −3 నుంచి 3 వరకు, 3 − (−3) + 1 = 7.